చింతపండు ఆరని మిద్దె

మేముండే బిల్డింగులో తొమ్మిది ఇళ్ళు. ఎనిమిది ఇళ్ళవాళ్ళు సంతకం పెట్టారు. నేను పెట్టలేదు. నేను తమిళనాడులోని ధర్మపురి పోవడానికి కారణం అంతే. దేవుణ్ణి చూడటానికో, చుట్టాలను పలకరించడానికో పోలేదు.

ప్రొద్దుటూరు ఎండల సంగతి అక్కడ ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు, లేనివాళ్ళకు చెప్పినా తెలియదు. పై అంతస్తు వాళ్ళు పగలంతా కాగిన మిద్దె కింద రాత్రి కూడా ఉడుకుతారు. ఫ్యాను తిరిగితే వేడిగాలే వస్తుంది. కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది. మా మునిసిపాలిటీ వాళ్ళు ఒక పద్ధతి పెట్టాలనుకుంటున్నారని మా బిల్డింగు సెక్రటరీ రామసుబ్బయ్య సారు కబురు తెచ్చాడు. మిద్దెకు తెల్లపూత వేయించి, పడమటి కిటికీలకు నీడ కట్టించి, మెట్ల దగ్గర తక్కువ కరెంటు తినే దీపాలు పెట్టుకుంటే ఆ ఖర్చు ముందు వాళ్ళు అప్పుగా ఇస్తారు. మనం ఇంటిపన్నుతో పాటు కొంచెం కొంచెంగా తీర్చాలి. మిద్దె అందరిదీ కాబట్టి అందరూ సంతకం పెడితేనే.

నాది కింది ఇల్లు. నా నెత్తిన రెండు అంతస్తులున్నాయి. మిద్దె కాగితే నాకేమి? పైవాళ్ళ చల్లదనానికి నేనెందుకు పన్ను కట్టాలి? ఈ మాట మీటింగులో మొహం మీదే అడిగాను. కొందరు నా వైపు చూడటం మానేశారు. సారు మాత్రం మంచివాడు. "ధర్మపురిలో ఒక బిల్డింగుకు ఇట్లాగే చేసి ఏడాది అయిందంట. నువ్వే పోయి కళ్ళారా చూసి రా అక్కా. వచ్చి నువ్వు ఏం చెబితే అదే" అన్నాడు. అక్కడ బ్యాంకులో పనిచేసే ఆయన స్నేహితుడు, ఆ బిల్డింగులోనే పై అంతస్తులో బట్టలు కుట్టే గోవిందమ్మ అనే తెలుగావిడ ఇంట్లో నాకు బస కుదిర్చాడు. ఛార్జీలు ఎనిమిది ఇళ్ళవాళ్ళు వేసుకున్నారు. శివరాత్రి దాటిన వారం బయలుదేరాను.

హరూరులో సంగటి

మొరప్పూరులో రైలు దిగాను. బయట బస్సులు వరసగా ఉన్నాయి. బోర్డుల మీద అరవం. నేను ఇడ్లీలమ్ముకుని బతికినదాన్ని, యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నప్పటి నుంచి బోర్డు కనిపిస్తే చదవకుండా ఉండలేను. ఇక్కడ ఒక్క అక్షరమూ నాకు లొంగలేదు. వెనకటి రోజుల్లో మాదిరిగానే బస్సు రంగు చూసి, జనం తోసుకునే తీరు చూసి ఎక్కేశాను. ధర్మపురి ఒకవైపు ఉంటే బస్సు హరూరు వైపు పోయింది. కండక్టరు టికెట్టు అడిగితే "ధర్మపురి" అన్నాను. అతను తల పట్టుకున్నాడు. నడిదారిలో దింపకుండా హరూరు దాకా తీసుకుపోయి, అక్కడ ధర్మపురి బస్సు చూపించి మరీ వదిలాడు. మా వైపు అయితే ముందు నాలుగు తిట్లు పడేవి.

ఆ బస్సు కదలడానికి టైముందంటే హోటలు బయట బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక రైతు, కొత్త నాగటి కర్రు సంచిలో పెట్టుకుని కూర్చున్నాడు. హోటలు పిల్లవాడితో నేను చేతులు తిప్పుతూ సంగటి ఉందా అని అడుగుతుంటే, "తెలుగోళ్ళా? మాదీ తెలుగే" అన్నాడు. ఎన్ని తరాల కిందట వచ్చారో ఆయనకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవమని చెప్పాడు. సంగటిని వాళ్ళు కళి అంటారు. మనం సంగటిలో బియ్యం వేసి ఎనుపుతాం కదా, అక్కడ ఉత్త రాగిపిండి. నల్లగా, నున్నగా, చెయ్యి పెడితే జారిపోయేట్టు ఉంది. దాంట్లోకి ఆకుకూర పులుసు. ముద్ద నాలుగు రూపాయలు. గొంతులో అడ్డం లేకుండా దిగింది. ఊరగాయ మాత్రం అడిగినా దొరకలేదు. కారం తక్కువ మనుషులు.

హరూరు నుంచి ధర్మపురి దాకా నేను చూసింది ఒకటే పంట. రోడ్డు అంచున చింతపండు, అరుగుల మీద చింతపండు, బడి గోడ మీద కూడా చింతపండు. కిటికీలో నుంచి పులుపు వాసన నోట్లోకి వచ్చింది.

తెల్లమిద్దె

గోవిందమ్మకు నలభై లోపే ఉంటాయి. భర్త కట్టడాల పనికి బెంగుళూరు పోయి వారానికొకసారి వస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఇంట్లో ప్రభుత్వం ఊరికే ఇచ్చిన రంగుల టీవీ ఉంది. ఆ బిల్డింగులో ప్రతి ఇంట్లో అదే టీవీ, అదే సైజు. ఊరికే ఇస్తారా అని నేను నోరు తెరిస్తే, "టీవీ ఊరికే పెద్దమ్మా, కరెంటు ఊరికే కాదు" అంది.

ఆమె మాట వింటుంటే నాకు ముచ్చటేసింది. మనలాగే వచ్చినాను, పోయినాడు అంటుంది. మధ్యలో అరవం మాటలు పోపుగింజల్లా పడుతుంటాయి. మిద్దెను మొట్టమాడి అంటుంది, మునిసిపాలిటీని నగరాట్చి అంటుంది. కానీ తెలుగు చదవలేదు. కుప్పంలో ఎవరిదో పెళ్ళి, తెలుగులో అచ్చేసిన శుభలేఖ వచ్చి ఉంటే నాకిచ్చి చదవమంది. నేను వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. పిల్లలిద్దరూ నా వేలినే చూశారు. చదవడంలో నాకంటే వెనకబడినవాళ్ళు ముగ్గురు ఒకేచోట దొరకడం నాకు అదే మొదలు.

పొద్దున్నే నన్ను పైకి తీసుకుపోయింది. నేను చూడవచ్చింది ఆ మిద్దెనే. సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి పూసి మెత్తగా రుద్దారట. పాతకాలం మిద్దెల పద్ధతే. ఏడాదికొకసారి, ఎండలు ముదరకముందు పూయాలి. రెండేళ్ళ పూతకు నగరాట్చి అప్పు ఇస్తుంది. వాళ్ళు వీట్టువరి అనే ఇంటిపన్నులో కలిపి కట్టుకుంటారు. రెండో ఏడు డబ్బు రావాలంటే ఆ బిల్డింగులోని ఆరిళ్ళవాళ్ళూ మళ్ళీ సంతకం పెట్టాలి.

మిద్దె తెల్లగా ఉంటుందని వచ్చాను. అంచుల వెంట తెల్లగానే ఉంది, కళ్ళు చిట్లించుకోవాల్సి వచ్చింది. నడుమ మాత్రం చాపలంత మచ్చలు. గోధుమరంగువి, నల్లవి. సున్నం తిన్నట్టుగా లేచిపోయి కింద సిమెంటు కనబడుతోంది. వంగి వేలు రుద్ది నాలుక మీద పెట్టుకున్నాను. పులుపు.

గోవిందమ్మ చెప్పింది. ఆ ఊళ్ళో చింతపండు కాలం వస్తే వ్యాపారులు కాయ మూటలు ఇళ్ళకు దింపుతారు. ఆడవాళ్ళు ఆరబెట్టి, పొట్టు కొట్టి, ఈనె లాగి, గింజ తీసి ఇస్తే కిలోకు ఇంత అని కూలి. ఆ బిల్డింగులో నాలుగిళ్ళు అదే పని చేస్తాయి. అంతకుముందు ఈతచాపలు పరచి ఆరబోసేవాళ్ళు. మిద్దె తెల్లబడ్డాక, ఇంత శుభ్రమైన నేల ఉండగా చాప ఎందుకని సున్నం మీదే పోశారు. పులుపు సున్నాన్ని తినేసింది.

ఇడ్లీపిండి పులిస్తే ఏమవుతుందో ముప్పై ఏళ్ళు చూసినదాన్ని. నాకూ ఈ సంగతి తట్టేది కాదు. నేనూ చాప తీసేసేదాన్నే.

రెండు గదులు

గోవిందమ్మ ఇల్లు రెండు గదులు. ముందర గది, వెనక గది. కుట్టుమిషను వెనక గదిలో. ఎండాకాలమే ఆమెకు పనికాలం. బడులు తెరిచేలోగా పిల్లల యూనిఫారాలు కుట్టివ్వాలి. పూత వేయకముందు ఎండ ముదిరిందంటే మధ్యాహ్నాలు మిషను ముందు కూర్చోలేక, చెమట బట్టకు అంటి మరకలు పడుతుంటే, రాత్రిళ్ళు కుట్టేదట. అప్పుడేమో కరెంటు పోయేది. పోయిన ఎండాకాలం మొదటిసారి పగలంతా కుట్టింది. ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం అన్నం తిని మిషను దగ్గరే కూర్చున్నానని నాకు రెండుసార్లు చెప్పింది.

నేను పరీక్ష పెట్టాను. మధ్యాహ్నం వెనక గదిలో కూర్చున్నాను. దానిమీద సున్నం ఇంకా నిలిచి ఉంది. తరవాత ముందర గదిలో కూర్చున్నాను. దానిమీద పెద్ద మచ్చ ఉంది. తేడా తెలిసింది. చన్నీళ్ళు పోసుకున్నంత తేడా అని చెప్పను, అబద్ధమవుతుంది. ముందర గదిలో మెడ మీద చెమట పట్టింది, వెనక గదిలో పట్టలేదు. అంతే. మనిషి కూర్చుని పనిచేసుకోవడానికి ఆ మాత్రం చాలు.

"మరి మళ్ళీ పూత వేయించుకోండి, చాపలు పరచుకోమని చెప్పండి" అన్నాను.

"అదే కదా పెద్దమ్మా కత. కింద పాపక్క సంతకం పెట్టేది లేదంటాది."

నాకు నవ్వొచ్చింది. నాలాంటిది ఇక్కడా ఒకతి ఉందన్నమాట.

పాపక్క

సాయంత్రం కిందికి పోయాను. పాపక్క వాకిట్లో పీట మీద కూర్చుని చెక్క సుత్తితో చింతకాయ కొడుతోంది. దగ్గర దగ్గర నా వయసే, వీళ్ళూ ఇంట్లో తెలుగే. భర్త లేడు. కొడుకూ కోడలూ కూలికి పోతారు. చింతపండు కాలం మూడు నెలల సంపాదనే ఆమె చేతికి తన సొంతంగా వచ్చేది. నన్ను చూసి పీట జరిపింది. ప్రొద్దుటూరు నుంచి మిద్దె చూడటానికి వచ్చానంటే నమ్మలేదు. "మిద్దె సూసేదానికి రైలెక్కినోళ్ళు యాడన్నా ఉండారా" అని కోడలిని పిలిచి చూపించింది. శొంఠి కాఫీ ఇచ్చింది. బెల్లం వేసి కాచిన ఆ కాఫీ మన అల్లం టీ కంటే బాగుంది. ఆ మాట ఒప్పుకోక తప్పదు.

నేను కూడా సుత్తి తీసుకుని కొట్టాను. కాయ పగలలేదు, అణిగింది. ఆమె ఒకటి తీసి వేళ్ళతో వంచి చూపించింది. బాగా ఆరిన కాయ టప్పున విరుగుతుంది. ఇది వంగుతోంది. తెల్లమిద్దె వచ్చాక కాయ ఆరడమే లేదంది. మొదట నాకు అర్థం కాలేదు. తరవాత తెలిసింది. మిద్దె కాగకపోతే కాయ ఎట్లా ఆరుతుంది? పైనుంచి ఎండ ఒక్కటే ఉంటే చాలదు, కింద నేల కూడా కాలాలి. చాప పరచినా అంతే. ఆరని కాయకు పొట్టు సరిగ్గా రాదు, పని ఆలస్యమవుతుంది, వ్యాపారి తరవాతి మూట వేరే ఇంటికి దింపేస్తాడు.

ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. మా సారుకూ తెలిసుండదు. పైవాళ్ళకు చల్లబడిన ప్రతి మిద్దె కిందివాళ్ళ ఏదో ఒక పనిని చల్లారుస్తుందన్నమాట. నేను పాపక్క చెయ్యి పట్టుకుని, సంతకం పెట్టవద్దు, నేనూ పెట్టలేదు అని చెప్పాను. ఆమె నాకు ఇంకో గ్లాసు కాఫీ పోసింది. పైకి వచ్చి గోవిందమ్మకు ఆ మాట దాచకుండా చెప్పాను. ఆమె యూనిఫారం చొక్కాకు గుండీలు కుట్టుకుంటూ పోయింది. అన్నం మాత్రం మామూలుగానే పెట్టింది. చారు, వంకాయ కూర. 

మిద్దె మీద మాట

మూడో రోజు పొద్దున నగరాట్చి ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడు, చల్లని మాట. ఆరిళ్ళవాళ్ళూ మిద్దె ఎక్కారు. నేనూ ఎక్కి మూల నిలబడ్డాను. అతను అరవంలో చెప్పేది గోవిందమ్మ నాకు చెప్పింది. ఆ వారంలో సంతకాలన్నీ రాకపోతే ఈ డబ్బు వేరే వీధికి పోతుంది. ఈ మచ్చలతోనే ఎండాకాలం గడపాలి.

గోవిందమ్మ ఎదురింట్లో బస్సు కండక్టరు ఉంటాడు. ఆయనకూ పూత కావాలి. చింతపండు రోడ్డు పక్కన ఆరబోసుకోమని పాపక్కకు సలహా ఇచ్చాడు.

"రోడ్డు మీద పోస్తే నీ బస్సే తొక్కుతాది" అంది పాపక్క. ఇంజనీరు కూడా నవ్వాడు. అప్పుడు ఆమె అతని వైపు తిరిగి, అరవం వదిలి తెలుగులోనే అంది. బహుశా అతనికంటే మాకందరికీ వినపడాలనే. "ముందర రెండు దినాల్లో కాయ ఆరేది. ఇప్పుడు నాలుగు దినాలైనా వంగుతా ఉండాది. తెల్లమిద్దె మీ కాళ్ళకు సల్లగా ఉండాది, నా కాయకూ సల్లగానే ఉండాది. నేనేమి తినాల? కింద మా ఇల్లు ఎప్పుడూ సల్లనే. నాకెందుకీ వీట్టువరి?"

నా మాటే. అక్షరం పొల్లు పోకుండా నేను మా మీటింగులో అన్న మాటే. తల ఊపాను కూడా.

 గోవిందమ్మ మచ్చ పడిన చోటికి నడిచిపోయి, చెప్పు విడిచి, పాదంతో ఒక గీత గీసింది. "ఇది నా ముందర రూము నెత్తి. దీనిమీద సున్నం వద్దు. నల్లగానే వదిలేయండి. పాపక్క వాళ్ళు ఈడ ఆరబోసుకోనీ. నా మిషను వెనక రూములో ఉండాది. ఆడ మటుకు పూస్తే సాలు."

పాపక్క అనుమానంగా చూసింది. "రేపు ఎండల్లో ఆ రూము పొయ్యి మాదిరి అయిపోతాది. బడి సెలవులకు పిలకాయలు యాడ పండుకుంటారే?"

"మీ ఇంట్లో. కింద ఎప్పుడూ సల్లనే అని ఇప్పుడే కదా సెప్తివి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు మా మూడో అంతస్తు పిల్లలు గుర్తుకు వచ్చారు. మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుని ఆడుకుంటుంటే, గోల చేయవద్దని తరిమేది నేనే.

పాపక్క ఆ గీత వెంట అడుగులేసి కొలిచింది. కళ్ళానికి చోటిచ్చినవాళ్ళకు ధాన్యంలో మేర కొలిచి ఇవ్వడం మన రైతుల్లో ఉన్నదే కదా. వాళ్ళలోనూ ఉందట. "సెరి. కళ్ళమిచ్చినోళ్ళకు మేర ఇయ్యాల. సమ్మచ్చరం పొడుగునా నీ ఇంటి పులుసుకు పండు నాది. పిలకాయలు మా ఇంట్లోనే పండుకుంటారు, అన్నం కూడా ఆడే" అంది.

వాళ్ళు అరవంలో తిప్పి చెప్పాక ఇంజనీరుకు ఇది కొత్త చిక్కు అయింది. అతని లెక్కలో మిద్దె అంటే మొత్తం మిద్దె. సగం తెలుపు, సగం నలుపు అనే రకం లేదు. తల గోక్కున్నాడు, ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు. చివరకు పూత పడే చోటు మాత్రమే టేపుతో కొలిచి, ఆ మేరకే అప్పు తగ్గించి రాసుకున్నాడు. పాపక్క సంతకం చేయదు, వేలిముద్ర వేస్తుంది. వేసి, ఆ వేలు చీర చెరగుకు తుడుచుకుని, కిందికి పోయి పొట్టు కొట్టుకోవడానికి కూర్చుంది.

నేను బయలుదేరేటప్పుడు ఆమె గింజ తీసిన చింతపండు పొట్లం కట్టి నా సంచిలో పెట్టింది. "నువ్వు సంతకం పెట్టొద్దంటివి, నేను పెట్టేస్తిని. కోపం లేదు కదా?" అని అడిగింది.  

మధ్యాహ్నం రెండు గంటలకు

ఇల్లు చేరిన సాయంత్రమే అందరూ నా వాకిట్లో చేరారు. చూసింది చూసినట్టు చెప్పాను. చల్లబడుతుంది, కొంచెమే చల్లబడుతుంది. ఏటా పూయాలి. మన మిద్దె మీద ఎవరెవరు ఏమేమి ఆరబోసుకుంటారో ముందే మాట్లాడుకోవాలి. రెండో అంతస్తు వాళ్ళు మిరపకాయలు అన్నారు. నా పక్కింటామె వడియాలు అంది. మెట్ల గదిలో ఎవరూ పడుకోరు కనుక దానిమీది చోటు పూత లేకుండా వదలాలని తేలింది. అంతా అయ్యాక, మరి సంతకం పెడతావా అక్కా అని సారు అడిగాడు.

రేపు చెబుతానన్నాను. రేపు మధ్యాహ్నం రెండు గంటలకు కింది అంతస్తు మూడిళ్ళవాళ్ళమూ పై అంతస్తులో సారు ఇంట్లో ఒక గంట కూర్చోవాలి, ఆ తరవాత చెబుతానన్నాను. నవ్వారు గానీ ఒప్పుకున్నారు.

ఆ ఇంటికి నేను చాలాసార్లు పోయాను. పేరంటానికి సాయంత్రం పోయాను, నోముకు పొద్దున పోయాను. మధ్యాహ్నం ఎన్నడూ పోలేదు. అప్పటికి ఉగాది కూడా రాలేదు. సారు భార్య సరోజమ్మ చాప పరిచి మజ్జిగ ఇచ్చింది. ఆమె అప్పుడే వంట ముగించి వచ్చింది, జాకెట్టు వీపంతా తడిసి ఉంది. ఆ తడి ఆమెకు అలవాటై, సర్దుకోవాలని కూడా అనుకోలేదు. నేను గోడకు ఆనుకుని, వెంటనే వీపు తీసేశాను. ఫ్యాను తిరుగుతోంది. గాలి మొహానికి తగిలితే కళ్ళు మండాయి.  సరోజమ్మ, ఇంకా ఎండలు రాలేదు కదా అంది.

మొదట లేచింది నేనే. సారు సంతకం కాగితమూ పెన్నూ తీసి చాప మీద పెట్టాడు. పెడతాను, కింద మా ఇంటికి తెమ్మన్నాను. నా పేరు పొడుగు, రాయడానికి నాకు టైము పడుతుంది. అంతసేపు అక్కడ కూర్చోవడం నావల్ల కాలేదు.